‘బాగానే ఉన్నా’ అనే అమ్మకు రొమ్ము క్యాన్సర్ వైద్యం చేయించడం ఎలా

రొమ్ములో గడ్డ ఉన్న సంగతి మా అమ్మకు ఎనిమిది నెలలుగా తెలుసు. మాకు తెలిసింది మాత్రం ఓ పెళ్లింట్లో. చీర మార్చుకుంటుంటే మా పిన్ని కంటపడింది. ఎందుకు చెప్పలేదంటే, "నొప్పి లేదు కదే, పోతుందిలే అనుకున్నా" అంది. రొమ్ము క్యాన్సర్ గడ్డ చాలామందిలో మొదట్లో నొప్పి పెట్టదు. పెద్దవాళ్లు దాన్ని దాచేయడానికి అదే వీలు కల్పిస్తుంది. అప్పటికి అమ్మకు అరవై తొమ్మిదేళ్లు. ఊరు కోదాడ దగ్గర, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. తర్వాత ఏడాదిన్నర పాటు హైదరాబాద్‌కు తిరిగాం. ఆ తిరుగుడులో నాకు అర్థమైంది ఒకటే: ఈ జబ్బు కంటే అమ్మ నోట వచ్చే "బాగానే ఉన్నా" అనే మాటతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మీ ఇంట్లోనూ అలాంటి అమ్మే ఉంటే, ఏ పని ఎప్పుడు ఎలా చేయాలో కింద చెబుతున్నాను. మందులు, మోతాదులు మీ డాక్టరు చెప్పినట్టే జరగాలి. నేను చెప్పేది మిగతా పనంతా.

ముందు ఆమెకు చెప్పండి

ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు రాగానే మన ఇళ్లలో మొదట జరిగేది గదిలోకి పోయి తలుపేసుకుని మాట్లాడుకోవడం. "అమ్మకు చెప్పొద్దు, తట్టుకోలేదు." మా అన్నయ్యా అదే అన్నాడు. కానీ ఆసుపత్రి బోర్డు మీద అడుగెత్తు అక్షరాలతో క్యాన్సర్ అని తెలుగులో రాసి ఉంటుంది. అమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. ఎవర్ని మోసం చేస్తున్నట్టు?

డాక్టరు గదిలోకి వెళ్లే ముందు రోజు ఇంట్లోనే, ఆమె మంచం మీద పక్కన కూర్చుని చెప్పండి. వినపడని చెవి పక్క కూర్చోకండి. "రొమ్ములో క్యాన్సర్ గడ్డ ఉందన్నారమ్మా. ముదిరిందా లేదా అనేది ఇంకా పరీక్షలు చేసి చెప్తారు. వైద్యం ఉంది. నీకెంత తెలుసుకోవాలనుంటే అంత చెప్తాం." ఇంతే చాలు. ఆ తర్వాత మాట్లాడకండి. మా అమ్మ చాలాసేపు పైట కొంగు మడతపెడుతూ కూర్చుని, "అంటువ్యాధా? పిల్లల్ని దగ్గరికి తీసుకోవచ్చా?" అని అడిగింది. ఆమె భయం అక్కడ ఉందని మేమెవ్వరం అనుకోలేదు. అంటువ్యాధి కాదు. కీమో నడిచేటప్పుడు కూడా మనవల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. వాళ్లకు జలుబు, జ్వరం ఉన్న రోజుల్లో మాత్రం దూరం పెట్టాలి, అదీ ఆమె కోసం.

డాక్టరు మీ ముఖం చూసి మాట్లాడుతుంటే, "అమ్మకే చెప్పండి సార్" అనడానికి మొహమాటపడకండి.

ఒక ఫైలు, ఒక నోటుబుక్కు

రిపోర్టులు మీ ఫోన్లో ఫొటోలుగా ఉంటే సరిపోదు. మీరు లేని రోజున అమ్మ ఆటోలో ఎక్కి వెళ్లాల్సి వస్తే ఆమె చేతిలో కాయితం ఉండాలి. ఫైలులో అన్నిటికంటే పైన ఒక కాయితం: పేరు, వయసు, రక్తం గ్రూపు, షుగరు బీపీ మాత్రల పేర్లు మోతాదులతో సహా, పడని మందులు, ఏ పక్క రొమ్ము, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే వాటిని ఎర్ర పెన్నుతో రాయండి. ముక్క పరీక్షకు, ఆపరేషనుకు ముందు అడిగేది అదే.

పరీక్షల్లో అన్నిటికంటే జాగ్రత్తగా దాచాల్సింది ఐహెచ్‌సీ రిపోర్టు, అంటే గడ్డ ఏ రకమో చెప్పేది. అందులో ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడు మాటలు ఉంటాయి. మొదటి రెండిట్లో ఏది పాజిటివ్ అయినా ఆ గడ్డ హార్మోన్ల మీద బతుకుతోందని అర్థం, అలాంటప్పుడు మాత్రలతో ఏళ్లపాటు అణచవచ్చు. హెర్2 అనేది గడ్డ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్. దాని కింద 3 ప్లస్ ఉంటే పాజిటివ్. సున్నా, 1 ప్లస్ ఉంటే నెగటివ్. 2 ప్లస్ వస్తే ఎటూ తేలనట్టు, ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయిస్తారు. హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షను సాధారణంగా మూడు వారాలకోసారి, ఏడాది పాటు ఇస్తారు. అది గుండె మీద ప్రభావం చూపవచ్చు కాబట్టి మధ్యమధ్య టూడీ ఎకో తీయిస్తారు. రెండో అభిప్రాయం కోసం ఇంకో ఆసుపత్రికి వెళ్లాలనుకుంటే రిపోర్టుతో పాటు గడ్డ ముక్కను ఉంచిన గాజు స్లైడ్లూ, మైనం దిమ్మెలూ అడిగి తీసుకోండి. అడిగితే ఇస్తారు.

నోటుబుక్కు నలభై పేజీలది చాలు. ఎడమ పేజీ డాక్టరు చెప్పింది, కుడి పేజీ మనం అడగాల్సింది. అన్నిటికంటే పనికొచ్చింది కుడి పేజీయే.

వయసు గురించి సూటిగా అడగండి

"ఈ వయసులో కీమో ఏం తట్టుకుంటుంది" అని చుట్టాలు అంటారు. "వయసుదేముంది, అన్నీ చేయించేద్దాం" అని ఇంకొందరు అంటారు. రెండూ తొందరపాటు మాటలే. వైద్యం నిర్ణయమయ్యేది ఆధార్ కార్డు మీది వయసుతో కాదు. గుండె, కిడ్నీ ఎలా ఉన్నాయి, సొంతంగా మెట్లెక్కుతుందా, గత ఏడాది ఎన్నిసార్లు కింద పడింది, మతిమరుపు ఉందా, బరువు తగ్గిందా, ఇవన్నీ చూడాలి. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. అమ్మ చెప్పదు. "పడలేదు సార్" అంది మా అమ్మ. అంతకుముందు నెలలోనే పెరట్లో జారి మోచెయ్యి కొట్టుకుంది.

అడగాల్సిన ప్రశ్నలు నాలుగు. ఈ వైద్యం పూర్తిగా నయం చేయడానికా, ముదరకుండా ఆపడానికా? ఆపరేషను ముందా, కీమో ముందా, ఎందుకు? ఏదైనా ఒకటి వదిలేస్తే ఎంత తేడా వస్తుంది? వారంలో ఎన్నిసార్లు రావాలి? డెబ్బై దాటినవాళ్లలో కొందరికి కీమో లేకుండా, ఇంకొందరికి కరెంటు (రేడియేషన్) లేకుండా కూడా వైద్యం సాగుతుంది. అది మీ డాక్టరే తేల్చాలి. కానీ అడగందే ఎవరూ విడమరచి చెప్పరు. ఆ నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబు మీదే మిగతా ఇల్లంతా నడుస్తుంది, కాబట్టి దాన్ని వదలకండి.

కార్డులు, డబ్బు

ఈ పని చిరాకైనదే, కానీ మొదటి వారంలోనే చేయాలి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. ఆసుపత్రి కౌంటరు దగ్గర ఆరోగ్యమిత్ర ఉంటారు. ఏ ప్యాకేజీ, ముందస్తు అనుమతి వచ్చిందా, బయట కొనాల్సినవి ఏవి అని వాళ్లనే అడగాలి. డెబ్బై ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి ఐదు లక్షల దాకా ఆయుష్మాన్ భారత్ కింద వైద్యం 2024 అక్టోబరు నుంచి ఉంది, దాని కార్డు పేరు వయ వందన. దానికి లెక్క ఆధార్‌లోని వయసే. మన అమ్మల ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి ఒకటి అనో, ఐదేళ్లు తక్కువో ఉంటుంది. ఇప్పుడే చూసుకోండి.

హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో బసవతారకం, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి, తిరుపతిలో అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల సాయంతో కట్టిన ఆసుపత్రి, ఇవన్నీ ఉన్నాయి. ఏది గొప్పది అని కొట్టుకునే ముందు ఏది దగ్గర అని చూడండి. పెద్దావిడను ఇరవై సార్లు తిప్పాలి. రైల్లో వెళ్లేవాళ్లకు క్యాన్సర్ రోగి రాయితీ ఉంది: స్లీపర్, థర్డ్ ఏసీలో రోగికి టికెట్టు ఉచితం, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం తగ్గింపు. ఆసుపత్రిలో ఫారం మీద డాక్టరు సంతకం, ముద్ర వేయించుకోవాలి.

ఆపరేషను వారం

ముందు రాత్రి గాజులు, మెట్టెలు, పుస్తెలు తీయమంటారు. మా అమ్మ గొంతు అక్కడ పూడుకుపోయింది, గడ్డ గురించి కాదు. అది ముందే ఊహించండి. ఆసుపత్రిలో నర్సు తొందరపెడుతుంటే తీసే కంటే ఇంట్లో నాన్న చేతనే తీయించి, చిన్న గుడ్డలో కట్టి ఆయన జేబులో పెట్టించండి.

జాకెట్లు ముందు హుక్కులవి, చంకలో వదులుగా ఉన్నవి నాలుగు సిద్ధం చేయండి. కొన్నాళ్లు చెయ్యి పైకి లేవదు. ఆపరేషను తర్వాత చంక దగ్గర్నుంచి ఓ సన్నని గొట్టం, చివర బుడగలాంటి డబ్బా వేలాడుతుంటాయి. దాన్ని డ్రెయిన్ అంటారు. రోజుకు రెండుసార్లు, ఒకే వేళకు ఖాళీ చేసి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో నోటుబుక్కులో రాయాలి. రోజుకు ఇరవై ముప్పైకి తగ్గాక తీసేస్తారు. దాన్ని చీర లోపల ఓ గుడ్డ సంచిలో పెట్టి నడుముకు కడితే దేనికీ తగులుకోదు. ఆ సంచి కుట్టించే పని మా అత్తయ్యకు అప్పగించాం. ఏదో ఒకటి చేయాలని తాపత్రయపడేవాళ్లకు ఇలాంటి పనులు ఇవ్వాలి, లేకపోతే వాళ్లు వచ్చి సలహాలిస్తారు.

చెయ్యి కదపకుండా పెట్టుకోవడమే జాగ్రత్త అనుకుంటారు పెద్దవాళ్లు. అలా ఉంచితే భుజం బిగుసుకుంటుంది. ఫిజియోథెరపిస్టు చూపించిన రోజు నుంచి గోడ మీద వేళ్లు పాకించడం మొదలుపెట్టించండి. మేము వంటింటి గోడ మీద పెన్సిలుతో గీతలు గీశాం, ఇవాళ ఎంత ఎత్తుకు పోయిందీ అని. పిల్లల ఎత్తు కొలిచే గీతల పక్కనే.

చంకలో లింఫ్ గ్రంథులు తీసేస్తే ఆ చెయ్యి వాచే ముప్పు జీవితాంతం ఉంటుంది. ఆ చేతికి బీపీ పట్టీ, సూది వద్దని చాలా ఆసుపత్రుల్లో చెబుతారు. బిగుతు గాజులు వేయకూడదు. పొయ్యి దగ్గర కాలినా, ముల్లు గుచ్చుకున్నా వెంటనే కడిగి మందు రాయాలి. ఎర్రబడి వేడెక్కితే అదే రోజు చూపించాలి.

కీమో: అసలు కాపలా ఇక్కడే

మొదటి కీమోకు ముందు రెండు పనులు. కదిలే పళ్లు, చీము పట్టిన చిగుళ్లు ఉంటే డాక్టరుతో చెప్పి పళ్ల డాక్టరుకు చూపించండి. బాత్రూంలో పట్టుకోవడానికి గోడకు ఓ కమ్మీ బిగించండి, రాత్రిళ్లు వెలిగే చిన్న బల్బు పెట్టండి.

కీమోలో వాడే ఎర్ర రంగు మందు (డాక్సోరుబిసిన్ లాంటిది) ఎక్కించిన రోజు, మర్నాడు మూత్రం ఎర్రగా రావచ్చు. అది రక్తం కాదని ముందే చెప్పకపోతే పెద్దావిడ హడలిపోతుంది, లేదా మనకు చెప్పకుండా ఊరుకుంటుంది. రెండోదే మా ఇంట్లో జరిగింది. కీమోతో పాటు స్టెరాయిడ్ ఇస్తారు కాబట్టి ఆ రెండు మూడు రోజులు షుగరు పెరుగుతుంది, నిద్ర పట్టదు. షుగరు మిషను ఇంట్లో ఉండాలి. ఎంత దాటితే ఫోన్ చేయాలో డాక్టరు చేత నోటుబుక్కులో రాయించుకోండి. వాంతులు ఆపే మాత్రల వల్ల విరేచనం బిగుస్తుంది. మూడు రోజులు దాకా ఆగకుండా అడగండి.

ఇక జ్వరం. కీమో తర్వాత ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో థర్మామీటరులో 100.4 చూపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికే. తెల్లారాక చూద్దాం అనేది లేదు. జ్వరం మాత్ర వేసి చూద్దాం అనేదీ లేదు, అది జ్వరాన్ని కప్పేస్తుంది, లోపలి ఇన్ఫెక్షను నడుస్తూనే ఉంటుంది. పెద్దవాళ్లలో కొన్నిసార్లు జ్వరం కూడా రాదు, మగతగా పడుకోవడం, తికమకగా మాట్లాడటం, వణుకు, ఇవే గుర్తులు. రెండో కీమో తర్వాత పదో రోజు రాత్రి మా అమ్మకు చలి వచ్చింది. డబ్బాలో ఉన్న పారాసెటమాల్ వేసుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంది. పొద్దున లేపితే మాట తడబడుతోంది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఎందుకు లేపలేదని అడిగితే, "పొద్దుగాల నీకు ఆఫీసు ఉంది కదా" అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో "ఎలా ఉన్నావు" అని అడగడం మానేశాం. దానికి జవాబు ఎప్పుడూ ఒకటే. బదులుగా చూసి, కొలిచి అడిగేవి పెట్టుకున్నాం. ఎన్ని ఇడ్లీలు తిన్నావు? పొద్దుటి చెంబు నీళ్లు అయిపోయాయా? రాత్రి ఎన్నిసార్లు లేచావు? నోరు తెరువు, నాలుక చూపించు. చొక్కా గుండీ పెట్టి చూపించు. ఈ చివరిది ఎందుకంటే, పాక్లిటాక్సెల్ లాంటి మందుల వల్ల వేళ్లు తిమ్మిరెక్కుతాయి. తిమ్మిరి అని చెప్పదు, కానీ నాన్న చొక్కాకు గుండీ పెట్టలేకపోతే తెలిసిపోతుంది. కాలి చెప్పు జారిపోయినా తెలియకుండా నడుస్తుంటే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. పడితే తుంటి విరుగుతుంది, క్యాన్సర్ కంటే ముందు అది మంచాన పడేస్తుంది. రోజుకు రెండుసార్లు జ్వరం చూసి క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాసే పని నాన్నకిచ్చాం. గోడ మీది పంచాంగం క్యాలెండరు దీనికి భలే పనికొచ్చింది, గడులు పెద్దవి.

జుట్టు మొదటి కీమో తర్వాత రెండు మూడు వారాల్లో కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. "ఈ వయసులో జుట్టుదేముంది" అని మీరు అనకండి. మా అమ్మ అన్న మాట: "మీ నాన్న ఉండగా నాకు గుండేంటే." ఆమె తరానికి బోడితల అంటే ఏం గుర్తొస్తుందో మనకు తట్టదు. చివరికి మొదటి కీమోకు ముందే యాదగిరిగుట్టలో తలనీలాలు ఇస్తానంది. ఇచ్చింది, నాన్నతో కలిసి. వైద్యం మొదలయ్యాక అయితే కత్తి వద్దు, గాటు పడితే ఇన్ఫెక్షను. ఇంట్లోనే ట్రిమ్మరుతో తీయండి. విగ్గు తెచ్చాం, ఒక్కసారి పెట్టుకుని దురద అంది. మెత్తని నూలు గుడ్డే చాలింది.

పథ్యం మీద పంచాయితీ

ఆపరేషను కుట్లు చీము పడతాయని పప్పు వద్దు, గుడ్డు వద్దు, వంకాయ వద్దు అంటూ కారప్పొడి అన్నంతో సరిపెట్టే పథ్యం మన దగ్గర ఇంకా గట్టిగానే ఉంది. మానాల్సిన గాయానికి కావాల్సింది మాంసకృత్తులే. పప్పు, గుడ్డు, చేప, పెరుగు, పాలు, తినే అలవాటుంటే కోడికూర, ఇవి పెట్టాలి. నేను చెబితే వినలేదు. ఆసుపత్రి డైటీషియన్ చేత తెలుగులో కాయితం మీద రాయించి, కింద డాక్టరు సంతకం పెట్టించాక వింది.

కీమో రోజుల్లో వేడివేడిగా వండినదే పెట్టండి. సగం ఉడికిన గుడ్డు, కోసి ఉంచిన పళ్లు, బండి మీది చట్నీ, నిన్నటి కూర వద్దు. నోట్లో పుళ్లు వస్తే ఆవకాయ అలమారలోకి. ఉప్పు, వంటసోడా కొంచెం కలిపిన గోరువెచ్చని నీళ్లతో రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించాలి. రాగిజావ, మెత్తని పెరుగన్నం, పెసరకట్టు నడిచాయి మాకు. శనివారం ఒక్కపొద్దు మాత్రం పెద్ద గొడవే. షుగరు మాత్ర వేసుకుని తిండి మానేస్తే కళ్లు తిరిగి పడుతుంది. దేవుడికి ఆపలేదు, పూజ ఉంచి ఉపవాసం తీసేశాం. ఊళ్లో పూజారి గారి చేత చెప్పించాక ఆ గొడవ తీరింది.

ఎవరో ఒకరు ఆకు పసరో, పొడో తెస్తారు. తెచ్చినవాళ్ల మీద అరవకండి, అరిస్తే అమ్మ దాన్ని దిండు కింద పెట్టుకుని తాగుతుంది. ఆ డబ్బా తీసుకెళ్లి డాక్టరుకు చూపిద్దామనండి.

కరెంటు

రేడియేషన్‌ను అందరూ కరెంటు పెట్టడం అంటారు, దాంతో షాకు కొడుతుందనుకుంటారు. నొప్పి ఉండదు, బల్ల మీద పడుకునేది కొన్ని నిమిషాలే. వారానికి ఐదు రోజుల చొప్పున ఇప్పుడు చాలామందికి మూడు వారాలు, కొందరికి ఒక వారమే. ఒంటి మీద గీసిన గుర్తులు చెరపకూడదు. ఆ చోట పసుపు, పౌడరు, కొబ్బరినూనె ఏదీ సొంతంగా రాయకూడదు. దీని కష్టమంతా రోజూ వెళ్లి రావడంలోనే ఉంది, అందుకే ఆ మూడు వారాలు ఆసుపత్రి దగ్గర గది తీసుకున్నాం.

వంతులు

అమెరికాలో ఉన్న తమ్ముడు రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి "రిపోర్టు పంపు" అనేవాడు. అతని భయం అతనిది, కానీ నాకు జవాబు చెప్పే ఓపిక లేదు. చివరికి రాత్రి తొమ్మిదికి ఒక్క మెసేజి, అందరికీ అదే అని తేల్చాం. డబ్బు లెక్కలు, ఆరోగ్యశ్రీ అనుమతులు, బస్సు టికెట్లు దూరం నుంచే చేయవచ్చు, అవి అతనికిచ్చాం. దగ్గరున్న కూతురో కోడలో ఒక్కతే అన్నీ మోస్తే ఆరు నెలలకు ఆమే పడిపోతుంది. పదిహేను రోజులకోసారి నేను ఒక పూట ఇంటికి పోయి నిద్రపోయేదాన్ని. ఆ పూట అన్నయ్య వచ్చేవాడు, ఆలస్యంగా.

మాత్రల ఏళ్లు

కీమో, కరెంటు అయ్యాక చుట్టాలు "అయిపోయిందిగా" అంటారు. హార్మోను గడ్డ అయితే లెట్రోజోల్ లాంటి మాత్ర రోజుకొకటి, కనీసం ఐదేళ్లు వేసుకోవాలి. జబ్బు కనిపించదు, మాత్ర వల్ల కీళ్లు మాత్రం నొప్పి పెడతాయి, కాబట్టి ఆపేయడానికి అన్ని కారణాలూ దొరుకుతాయి. ఆపేశానని చెప్పదు. మాత్రల షీటు వెనక తేదీలు రాయండి, ఖాళీ షీట్లు పారేయకుండా దాచండి. నొప్పులకు మందు మార్చే వీలుంది, డాక్టరుకు చెబితే. ఈ మాత్రల వల్ల ఎముకలు గుల్లబారతాయి కాబట్టి డెక్సా అనే ఎముక పరీక్ష చేయించి, కాల్షియం, విటమిన్ డి సంగతి అడగండి.

మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకోవడం, మిగిలిన రొమ్ముకు ఏడాదికోసారి మామోగ్రాం. కొత్తగా వచ్చి తగ్గని నడుము నొప్పి, ఆయాసం, ఎడతెగని దగ్గు, తలనొప్పి ఉంటే తేదీ కోసం ఆగవద్దు.

పోయిన నెల చెకప్‌కు వెళ్లినప్పుడు అమ్మ నోటుబుక్కు కుడి పేజీలో తనే ఓ ప్రశ్న రాసుకొచ్చింది, వంకర అక్షరాలతో. డాక్టరు ముందు నన్ను చూపించి అడిగింది: "నా బిడ్డకు నలభై నాలుగేళ్లు. దీనికి ఎప్పుడు పరీక్ష చేయాలి సార్? అడిగితే బాగానే ఉన్నా అంటది."